‘మూస’ అనే మాట ఎక్కడిది?

“మూసపోసినట్లు ఉన్నారు”, “మూస కథ” అనే మాటల్లోని ‘మూస’ మూతకు సంబంధించిన ‘మూయు’ నుంచి పుట్టిందా అన్నది ప్రశ్న.

కాదు. ఇది సంస్కృత ‘మూషా’ శబ్దం నుంచి వచ్చింది. లోహాన్ని కరిగించే మట్టిపాత్ర దాని అసలు అర్థం. పాదరసంతోనూ లోహాలతోనూ మందులు చేసే విద్య అయిన రసశాస్త్రపు గ్రంథాలు మూషలను ఆకారాన్ని బట్టీ, మట్టిని బట్టీ ఎన్నో రకాలుగా విభజించాయి. వంకాయను పోలిన వృంతాకమూష వాటిలో ఒకటి, దానిని తుత్తునాగం (జింకు) తీయడానికి వాడేవారు.

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా పాతకాలపు పద్ధతిలో పనిచేసే కంసాలి గుప్పెడంత మూసలో బంగారు ముక్కలూ చిటికెడు వెలిగారమూ (బోరాక్స్) వేసి, కుంపటి నిప్పుల్లో కరిగించి, పట్టకారుతో ఎత్తి కడ్డీ అచ్చులోకి వంచుతాడు. ఇక్కడ రూపమిచ్చేది అచ్చే తప్ప మూస కాదు. అయినా కరిగించడమూ పోయడమూ ఒకే చేతి మీదుగా, ఒకే ఊపులో సాగే పనులు గనుక పాత్ర పేరు అచ్చుకూ అంటుకుందని, అక్కడి నుంచి ఒకే పోలికగల వస్తువులకూ, మనుషులకూ, రచనలకూ పాకిందని అనుకోవడం సమంజసం.

నేడు పోలికలు చెప్పేటప్పుడు ‘మూసపోసినట్లు’ అంటే తప్పేమీ లేదు గాని, ‘మూస సినిమా’ అంటే మాత్రం అది నిందే. మెచ్చుకోలూ నిందా లేకుండా చెప్పవలసిన చోట, ముఖ్యంగా చట్టాల విషయంలోనూ పరీక్షల విషయంలోనూ, ‘ఏకరూపత’ అనడమే మేలు.