ప్యాంటు జారాల్సిందే

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

కాలేజీలో ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’ వేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది.

హక్కుల అనుమతికి ఇప్పుడే రాయి, బెకెట్ హక్కులు చూసేవాళ్లకు పట్టింపు ఎక్కువ. చెట్టు ఒక్కటి చాలు, రెండో అంకంలో దానికి నాలుగైదు ఆకులు మర్చిపోకు. ఎంత ఎదురుచూసినా రాని ఆ గోడో అంటే దేవుడా అని పిల్లలు అడిగితే తేల్చి చెప్పకు.

ఇక అసలు సంగతి. చివర్లో ఉరి కోసమని, గోడో కోసం ఎదురుచూసే ఇద్దరిలో ఒకడైన ఎస్ట్రగాన్ నడుముకు కట్టుకున్న తాడు విప్పుతాడు కదా. ప్యాంటు జారి మడమల మీద పడుతుంది. ఇద్దరూ చెరో కొస పట్టి లాగితే తాడు తెగుతుంది. పక్కవాడు చెప్పేదాకా అతనికి ప్యాంటు ధ్యాసే ఉండదు.

ఆ వేషం నేనూ వేశానే. పెళ్లయి ఆరు నెలలు కాలేదు. ముందు వరసలో మీ అత్తయ్య వాళ్ల నాన్నగారు, పట్టుపంచెలో. ఎడం చేత్తో ప్యాంటు గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో తాడు లాగాను. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఇరగదీశాననుకుని శాలువా కూడా కప్పించుకున్నాను!

చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1953 జనవరిలో పారిస్ తొలి ప్రదర్శనల్లోనూ ఎస్ట్రగాన్ వేషం వేసిన నటుడు ప్యాంటు సగంలో పట్టేసుకున్నాడట. చూసొచ్చిన తన సహచరి సూజాన్ ఆ మాట చెబితే, బెకెట్ ఆ ప్రదర్శన దర్శకుడు రోజర్ బ్లిన్‌కు ఉత్తరం రాశాడు, పూర్తిగా జారాల్సిందేనని. ఉరి మాట నోట్లో ఉండగానే ప్యాంటు కాళ్ల మీద ఉండాలి. చూసేవాడికి నవ్వు రావాలి, వచ్చిన నవ్వు గొంతులో అడ్డం పడాలి. నేను ఆ నవ్వు మింగేసి జనానికి ఉత్త జాలి అంటగట్టాను. ఏడిపించడం మన పరిషత్తు నాటకాల్లో ఎవరైనా చేస్తారు.

పిల్లాడు సిగ్గుపడితే లోపల పొడుగు నిక్కరు వేయించు, అంతేగానీ సీను మార్చావో నేను ఊరుకోను. తాడు ముందే సగం కోసి దారంతో అతికించు. రిహార్సల్లో సరదాకైనా ఎవరి మెడకీ తగలనివ్వకు. చాదస్తం అనుకున్నా సరే, నాకు భయం తల్లీ. రాత్రి తొమ్మిదికల్లా రిహార్సల్ ఆపి అన్నం తిను.

ముందు వరసలో రెండు సీట్లు ఉంచు. మామగారు ఇప్పుడు లేరు, అత్తయ్య వస్తానంటోంది.

మావయ్య