దారిదీపాలు లేని రోజుల్లో టపా విమానాలు రాత్రిపూట ఎలా ఎగిరేవి?

నేల మీద వేసిన మంటలే దారి చూపేవి. అమెరికాలో విమాన టపా 1918లో మొదలైంది. కానీ చీకటి పడగానే టపా సంచులు రైలెక్కేవి. రైలు విమానమంత వేగంగా పోదు కాబట్టి, పగలు విమానం ఆదా చేసిన సమయంలో చాలా భాగం పోయేది. ఇంత ఖర్చు దండగని అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో విమర్శలు వచ్చాయి.

అందుకే 1921 ఫిబ్రవరి 22న, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ మధ్య పైలట్లు ఒకరి నుంచి ఒకరు సంచులు అందుకుంటూ పోయేలా, రాత్రి ప్రయాణాన్ని పరీక్షించారు. జాక్ నైట్ అనే పైలట్ నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ నుంచి ఒమాహా చేరాడు. కింద ఊళ్లవాళ్లు మంటలు వేసి ఉంచారు. ఒమాహాలో సంచులు అందుకుని ముందుకెళ్లే పైలట్ లేడు. తానెప్పుడూ ఎగరని షికాగో దారిలో, మామూలు రోడ్డు మ్యాపు పట్టుకుని, పైకప్పు లేని కాక్‌పిట్‌లో, గడ్డకట్టే చలిలో ఆయనే బయల్దేరాడు! మధ్యలో అయోవా సిటీలో పెట్రోలు కోసం దిగాల్సి వస్తే, అక్కడి రాత్రి కాపలాదారు దివిటీ వెలిగించి దారి చూపాడు. ఆ కాపలాదారుని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో టపా 33 గంటల 20 నిమిషాల్లో న్యూయార్క్ చేరింది. అదే రోజు తూర్పు వైపు టపాతో బయల్దేరిన ఇంకో పైలట్ మాత్రం నెవాడాలో కూలి చనిపోయాడు.

తర్వాత షికాగో, వ్యోమింగ్ రాష్ట్రంలోని షయెన్ మధ్య తిరిగే దీపాల స్తంభాలు నిలబెట్టారు. 1924 జులై 1 నుంచి రాత్రి టపా రోజూ నడిచింది.