సాష్: నడికట్టా, కిటికీ రెక్కా?

సందేహం: ఒక ఇంగ్లిష్ నవలను తెలుగు చేస్తున్నాను. ‘సాష్’ అనే మాట ఒకచోట సైనికాధికారి దుస్తుల వర్ణనలో, మరోచోట కిటికీ గురించి చెప్పేటప్పుడు వచ్చింది. రెండూ ఒకే మాటా? ‘నడికట్టు’ అని రాయవచ్చా?

సమాధానం: ఒకే మాట కాదండీ. స్పెల్లింగూ పలుకుబడీ కలిశాయి గాని రెండింటి పుట్టిళ్లు వేరు.

దుస్తుల సాష్ అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ ‘షాష్’ అంటే సన్నని మస్లిన్ బట్ట, తలపాగా గుడ్డ. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు కూడా దాని అర్థం తలకు చుట్టుకునే గుడ్డే, పలికిందీ ‘షాష్’ అనే. తర్వాత ఆ గుడ్డ తల దిగి నడుముకూ భుజానికీ చేరింది. ఒకే మాటలో రెండు ‘ష’లు నోటికి ఇబ్బంది కాబట్టి మొదటిది ‘స’ అయింది.

కిటికీ సాష్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దాని మూలం ఫ్రెంచి ‘షాసీ’, అంటే చట్రం. ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని బహువచనం అనుకుని, చివరి భాగం తీసేసి ఏకవచనం తయారుచేసుకున్నారు. వాళ్లకిది అలవాటే: బఠానీకి ‘పీజ్’ అనే పాత మాటను ఇలాగే పొరపడి ‘పీ’గా కత్తిరించారు. అదే ఫ్రెంచి మాట 20వ శతాబ్దం మొదట్లో మోటారు వాహనాలతో పాటు మళ్లీ వచ్చింది, ఈసారి కోత లేకుండా. లారీ షాసీ అంటున్నది దాన్నే. వెనక్కి వెళ్తే లాటిన్ ‘కాప్సా’, అంటే పెట్టె. మనం రోజూ అనే ‘క్యాష్’ కూడా ఆ పెట్టెలోదే. డబ్బు దాచే పెట్టె పేరు డబ్బుకే వచ్చింది.

ఇక అనువాదం. అధికారి దాన్ని నడుముకు చుట్టుకుంటే ‘నడికట్టు’ చక్కగా సరిపోతుంది. పాతకాలపు వాతావరణం కావాలంటే ‘దట్టీ’ ఇంకా బాగుంటుంది. భుజం మీంచి ఏటవాలుగా దిగితే మాత్రం నడికట్టు అనకూడదు. కండువా అని రాసేవాళ్లున్నారు, నాకది నచ్చదు. కండువా భుజాన వేలాడుతుంది, సాష్ ఒంటికి అడ్డంగా బిగుతుగా ఉంటుంది. మొదటిసారి ‘భుజం మీదుగా ఏటవాలుగా కట్టిన పట్టు పట్టీ’ అని విడమరిచి, తర్వాత ‘పట్టీ’ అంటే చాలు. బహువచనంలో ‘పట్టీలు’ అన్నారో, పాఠకుడికి కాళ్ల గజ్జెలు వినిపిస్తాయి, జాగ్రత్త! అందాల పోటీ విజేత వేసుకునేదైతే ‘సాష్’ అనే రాయండి, అందరికీ తెలుసు.

కిటికీ విషయంలో, సాష్ అంటే అద్దాలను పట్టి ఉంచే లోపలి చట్రం. గోడకు బిగించిన బయటి ఫ్రేమ్ కాదు. బందుల మీద తలుపులా తెరుచుకునేదైతే ‘రెక్క’ అనవచ్చు. మీ నవలలో పాత్ర సాష్‌ను పైకి ఎత్తుతోందా? అయితే అది పైకీ కిందికీ జరిగే కిటికీ. ‘కిటికీ రెక్క తెరిచింది’ అంటే దృశ్యం మారిపోతుంది. ‘కిటికీ అద్దం పైకి జరిపింది’ అనండి.