కానర్ ప్రెయిరీ ఫీల్డ్ ట్రిప్‌కు పిల్లలతో తోడు వెళ్లాలా?

నాలుగో తరగతి చదువుతున్న మీ బాబును బడివాళ్లు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్న కానర్ ప్రెయిరీ అనే ఆరుబయటి చరిత్ర మ్యూజియానికి తీసుకెళ్తున్నారని, తోడు వచ్చే తల్లిదండ్రుల్లో మీ పేరు ఇవ్వాలా వద్దా అని అడిగారు. తప్పకుండా ఇవ్వండి. మా అమ్మాయి తరగతితో నేను వెళ్లాను. సెలవు పెట్టి వెళ్లదగ్గ చోటే.

అక్కడి ప్రెయిరీటౌన్ 1836 నాటి పల్లెలా తీర్చిదిద్దిన చోటు. ఆ కాలపు దుస్తుల్లో ఉన్నవాళ్లు ఆ ఏడాదిలోనే బతుకుతున్నట్టు మాట్లాడతారు. మా పిల్లలు ఫోను మాట ఎత్తితే దుకాణదారు అదేమిటో తెలియనట్టే చూశాడు. పిల్లలు మొహమాటపడితే మీరే ముందు ఒక ప్రశ్న వేయండి. ఆ తర్వాత వాళ్లను ఆపలేరు.

కమ్మరి కొట్టు దగ్గర మాత్రం ఎవరినీ తొందరపెట్టకండి. ఇనుప కడ్డీ కొలిమిలో నారింజ రంగుకు వచ్చేదాకా తిత్తి ఆడుతూనే ఉంది. దాగలి మీద పెట్టి నాలుగు దెబ్బలు వేసేలోపే కడ్డీ నల్లబడింది, మళ్లీ నిప్పుల్లోకి పోయింది. చిన్న కొక్కెం ఒకటి వంచడానికి ఎంత పాటో చూశాక, ఆ రోజుల్లో పాత ఇనుప ముక్కను కూడా ఎందుకు పారేసేవారు కాదో పిల్లలకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

తర్వాత ఒకసారి మా అత్తగారినీ తీసుకెళ్లాం. నిలువు చెక్క పీపాలో కర్రను పైకీ కిందికీ ఆడిస్తూ వెన్న తీస్తున్నారు. "తాడు చుట్టి కవ్వం తిప్పితే రెక్కలు ఇంత నొప్పి పుట్టవు కదా" అన్నారావిడ. తోడు పెట్టకుండా మీగడనే చిలుకుతున్నారని తెలిసి ఇంకా ఆశ్చర్యపోయారు.

ఇవన్నీ ఎలాగూ చూస్తారు. నేను ముఖ్యంగా కోరేది ఒకటుంది. వలస వచ్చినవారు ఖాళీ అడవిలో ఊళ్లు కట్టుకున్నారనే భావంతో మీ బాబు బస్సెక్కకూడదు. ఆ వైట్ నది ఒడ్డున అప్పటికే లెనాపే అనే అమెరికా మూలవాసీ తెగ ప్రజలు ఉండేవారు. వాళ్లూ తూర్పు నుంచి నెట్టివేతకు గురై వచ్చినవారే. తోళ్ల వ్యాపారి విలియం కానర్ వాళ్ల మధ్య స్థిరపడి మెకింజెస్ అనే లెనాపే స్త్రీని పెళ్లాడాడు. 1818 సెయింట్ మేరీస్ ఒప్పందంతో లెనాపేలు ఇండియానా భూములు వదులుకున్నారు. అక్కడ దుభాషిగా ఉన్నది కానరే. 1820లో మెకింజెస్ ఆరుగురు పిల్లలను తీసుకుని తనవాళ్లతో పశ్చిమానికి తరలిపోయింది. కానర్ ఇక్కడే ఉండిపోయి, అదే ఏడాది మళ్లీ పెళ్లి చేసుకుని, 1823లో ఇటుకల ఇల్లు కట్టుకున్నాడు. పిల్లలు చూసేది ఆ ఇల్లే. ఇక 1838లో, అంటే ఆ పల్లె చూపించే కాలానికి రెండేళ్ల తర్వాత, ఇదే రాష్ట్రం నుంచి పొటావాటమీ అనే మరో మూలవాసీ తెగకు చెందిన 800 మందికి పైగా జనాన్ని సాయుధ కాపలాతో కాన్సస్‌కు నడిపించారు. దారిలో 40 మందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది చిన్నపిల్లలు.

నాలుగో తరగతి పిల్లలకు ఇది బరువైన సంగతి అనుకోకండి. ముందురోజు రాత్రి ఇంట్లో ఇంతవరకు చెప్పుకున్నాం కాబట్టే మా అమ్మాయి ఆ ఇంట్లో మెకింజెస్ గురించి అడిగింది. చూపించే ఆవిడ మిగతా వివరాలు పక్కన పెట్టి, పిల్లలందరినీ దగ్గరకు పిలిచి ఓపికగా చెప్పారు. ఆ రోజంతటిలో తరగతికి దొరికిన మంచి పాఠం అదేనని నా అభిప్రాయం.

నడక ఎక్కువ, వాన పడితే బురద. పాత బూట్లు వేయండి. బడి ట్రిప్పులో అన్నీ చూసే వ్యవధి ఉండదు కాబట్టి, కానర్ ఇల్లు, లెనాపే శిబిరం మీ గుంపు చూసేవాటిలో ఉన్నాయో లేదో టీచరును ఇప్పుడే అడగండి.