మామయ్యగారి మాటకు అత్తయ్య ఆట మానేశారు

ప్రశ్న: మా మామయ్యగారికి 78, అత్తయ్యకు 72. ఆయన ప్రభుత్వ శాఖలో పెద్ద ఇంజినీరుగా రిటైరయ్యారు. అత్తయ్య పదో తరగతి వరకు చదివారు. ఇద్దరూ శంకర్‌పల్లి వైపు ఒక సీనియర్ సిటిజన్ల కమ్యూనిటీలో ఉంటున్నారు, మేం మియాపూర్‌లో ఉంటాం. అక్కడ శనివారం సాయంత్రాలు హాల్లో జనరల్ నాలెడ్జ్ ఆట ఆడిస్తారు. ప్రశ్నలు ఇంగ్లిషులో అడుగుతారు. భార్యాభర్తలు ఒక టీమ్. ఈమధ్య హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని ఏ సంవత్సరంలో నిలబెట్టారని అడిగారట. అత్తయ్య మెల్లగా ‘1992’ అంటే మామయ్యగారు అందరి ముందూ ‘నీకేం తెలుసు, ఊరుకో’ అని 1990 అని చెప్పారు. తప్పయింది. ‘మధ్యలో మాట్లాడి నన్ను కంగారు పెట్టావు’ అని మళ్లీ ఆవిడనే విసుక్కున్నారు. అప్పటి నుంచి అత్తయ్య ఆటకు వెళ్లడం లేదు. ఇప్పుడు టిఫిన్ కూడా గదికే తెప్పించుకుంటున్నారు. మా వారేమో ‘వాళ్లు మొదటి నుంచీ అంతే, పట్టించుకోకు’ అంటున్నారు. కోడలిని, నేనేం చేయగలను?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మీ అత్తగారు చెప్పిందే కరెక్టు. 1990లో ఆ విగ్రహాన్ని పడవ మీద తీసుకెళుతుంటే సాగర్‌లో మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. రెండేళ్లకు పైగా అది నీళ్లలోనే ఉంది. పైకి తీసి నిలబెట్టింది 1992 డిసెంబరులో. అప్పట్లో ఆ ప్రమాదం గురించే అందరూ మాట్లాడుకున్నారు కాబట్టి మీ మామగారికి 1990 గుర్తుండిపోయి ఉంటుంది. అందులో ఆయన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, సంవత్సరాలు ఎవరికైనా తారుమారవుతాయి. తప్పల్లా ‘నీకేం తెలుసు’ అన్న మాటలోనే ఉంది.

‘మొదటి నుంచీ అంతే’ అని మీ వారు అంటున్నది నిజమే అయి ఉండొచ్చు. కానీ ఇన్నాళ్లూ ఆ మాట నాలుగు గోడల మధ్య ఉంది. పిల్లల చదువులు, పండగలు, వచ్చేపోయే చుట్టాల సందడిలో ఆవిడ దాన్ని దిగమింగుకున్నారు. ఇప్పుడది కొత్త ఇరుగుపొరుగు ముందు, మైకు పక్కన పడింది. రోజూ డైనింగ్ హాల్లో ఎదురయ్యే మనుషులే అదంతా విన్నారు. ఆవిడ టిఫినుకు కూడా దిగడం లేదంటే కారణం నాకు అదేననిపిస్తోంది. వాళ్ల మొహాలు చూడటానికి ఆవిడకు మనసొప్పడం లేదు.

అందుకే ‘రండి అత్తయ్యా, ఆటే కదా’ అని ఆవిడను బతిమాలకండి. దెబ్బ తిన్న మనిషినే సర్దుకోమన్నట్టవుతుంది. మాట్లాడాల్సింది మీ మామగారితో. అది కోడలిగా మీ పని కాదు, మీ వారి పని. మీరు ముందు మీ వారిని కూర్చోబెట్టి ఒక్క విషయం చెప్పండి: ‘అత్తయ్య గది దాటి రావడం లేదు, ఇది పాత గొడవ కాదు.’ ఆయన ఒక్కరే వెళ్లి, అమ్మ లేనప్పుడు, నాన్నతో వాకింగ్ ట్రాక్ మీద నడుస్తూ మాట్లాడితే మంచిది. ఎదురెదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే ఆయన వయసు వాళ్లు బిగుసుకుపోతారు. ‘నాన్నా, ఆ రోజు అమ్మ చెప్పిందే రైటు. మీరు అందరిలో అలా అనడం అమ్మకు చాలా కష్టంగా ఉంది, అందుకే కిందికి రావడం లేదు’ అంటే చాలు. పాత లెక్కలు తీయొద్దు.

మీ మామగారి వైపు నుంచి కూడా కొంచెం చూడండి. ఇంజినీరుగా ఆయన సంతకంతో పనులు నడిచిన రోజులుండేవి. ఇప్పుడు నలుగురిలో ‘సార్, మీరు చెప్పండి’ అనిపించుకునే చోటు ఆ శనివారం ఆట ఒక్కటే కావచ్చు. అక్కడ తప్పు చెప్పడం ఆయనకు చాలా పెద్ద విషయం. ఇది అర్థం చేసుకోవాలి కానీ, దీన్ని అడ్డం పెట్టుకుని ఆయన అన్నదాన్ని మాఫీ చేయకూడదు.

ఆ తరం మగవాళ్లు భార్యకు ‘సారీ’ చెప్పడం అరుదు. దాని కోసం పట్టుబట్టకండి. కానీ మాట నలుగురిలో పడింది కాబట్టి దిద్దుకోవడం కూడా ఆ నలుగురిలోనే జరగాలి. వచ్చే శనివారం ఆయనే లేచి ‘ఆ రోజు మా ఆవిడ 1992 అంది, నేనే వినిపించుకోలేదు’ అంటే సరిపోతుంది. గదిలో వంద సార్లు బుజ్జగించినా దీనికి సాటి రాదు.

ఇక మీరు నేరుగా చేయగలిగింది ఒకటుంది. ఆట నడిపించే వాళ్లతో మాట్లాడండి. మీ ఇంటి గొడవ చెప్పక్కర్లేదు, సలహాగా చెప్పండి. ఇంగ్లిషులో అడిగి గబగబా చెప్పమంటే, తెలుగు పేపరు చదివే పెద్దవాళ్లకు జవాబు తెలిసినా నోటికి రాదు. హైదరాబాదులో ఇలాంటి చోట అన్ని భాషల వాళ్లూ ఉంటారు కాబట్టి ప్రశ్నను తెలుగులో, హిందీలో కూడా చదవమనండి. టీవీ తెర మీద పెద్ద అక్షరాలతో చూపించమనండి. వయసు మీద పడ్డాక మెదడులో ఉన్న పేరు, సంవత్సరం వెతికి బయటికి తీయడం నెమ్మదిస్తుంది. కానీ నాలుగు జవాబులు ఎదురుగా పెడితే అందులో సరైనది గుర్తుపట్టడం చాలామందికి తేలిగ్గానే ఉంటుంది. కాబట్టి ఆప్షన్లు ఇవ్వమనండి. జవాబు అరిచి చెప్పే పద్ధతి తీసేసి చీటీ మీద రాయిస్తే ఎవరూ ఎవరి నోరూ మూయించలేరు. అన్నిటికన్నా ముఖ్యం, చీటీలు తీసి టీములు కట్టాలి. భార్యాభర్తలు ఒకే టీములో ఉండకపోవడమే మంచిది.

‘ఆడవాళ్ల కోసం వంటల రౌండ్ పెడదాం’ అని ఎవరో ఒకరు అంటారు. దయచేసి ఒప్పుకోకండి. బుద్ధ విగ్రహం సంవత్సరం చెప్పిన మనిషికి పోపు గింజల ప్రశ్నలు వేరుగా పెట్టడం మరో అవమానం. సంవత్సరాలతో పాటు కళ్లతో చూసినవి, చెవులతో విన్నవి అడగమనండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు జనం ఏ వస్తువు ముందు గుమిగూడతారు? 1908 మూసీ వరదలో ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టిన చింతచెట్టు ఇప్పుడు ఏ ఆసుపత్రి ఆవరణలో ఉంది? ఇలాంటివి వస్తే డిగ్రీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ సమానంగా ఆడతారు. ఉస్మానియా ఆసుపత్రిలోని ఆ చెట్టు కథ హాల్లో ఎవరో ఒకరు వాళ్ల అమ్మమ్మ నోట విని ఉంటారు కూడా.

ఇద్దరికీ ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. వయసుతో వచ్చే చెవుడులో సన్నటి శబ్దాలు ముందు పోతాయి. గొంతు వినిపిస్తుంది కానీ మాట స్పష్టంగా తెలియదు, శబ్దం గోడలకు కొట్టుకునే హాల్లో అయితే మరీ కష్టం. భార్య పక్కనే మెల్లగా చెప్పింది ఆయనకు సగమే వినబడి, మధ్యలో అడ్డుపడుతున్నట్టు అనిపించి ఉండొచ్చు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనైనా, మీకు దగ్గర్లోని డాక్టరు దగ్గరైనా ఈ పరీక్ష (ఆడియోమెట్రీ) చేస్తారు. మీ మామగారి విసుగు ఈ ఏడాదిలోనే కొత్తగా పెరిగిందా అని కూడా గమనించండి. అలా అయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మీ అత్తగారి దగ్గరికి ఈ వారమే వెళ్లండి. ఆట ఊసెత్తకుండా ఆవిడతో కలిసి కింద టిఫిన్ చేయండి. పక్కన తోడుంటే మొదటిరోజు దిగడం తేలికవుతుంది. నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో కనిపెట్టండి. పెద్దవాళ్లలో దిగులు చాలాసార్లు ఏడుపుగా కనబడదు. ఒళ్లు నొప్పులు, తినబుద్ధి కావడం లేదు, ఎవరితో మాట్లాడబుద్ధి కావడం లేదు అనే మాటల్లో బయటపడుతుంది. రెండు వారాలకు మించి అలాగే ఉంటే సైకియాట్రిస్టుకు చూపించడానికి వెనకాడకండి. కుటుంబంతో చెప్పుకోలేనిది ఉంటే ఆవిడే పెద్దవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ ‘ఎల్డర్‌లైన్’ నంబరు 14567కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. నంబరు పెద్దగా రాసి ఆవిడ చేతికివ్వండి.

ఇవన్నీ జరిగాక కూడా ‘నాకా ఆట వద్దమ్మా’ అని ఆవిడ అంటే వదిలేయండి. శనివారం సాయంత్రం గదిలో రేడియో వింటూ కూర్చోవడం ఆవిడకు ఇష్టమైతే అలాగే కానివ్వండి. టిఫిన్ మాత్రం కిందే, అందరితో కలిసి చేసేలా చూడండి.