బయోస్ అప్‌డేట్ చేశాక స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు, మదర్‌బోర్డు పోయినట్టేనా?

మీరు రాసింది ఇదీ కదా: కంపెనీ సైటు నుంచి కొత్త బయోస్ (ఆన్ చేయగానే కంప్యూటర్‌ని లేపే, బోర్డు మీది చిప్‌లో ఉండే ప్రోగ్రామ్) దించుకుని పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేశారు. నూటికి నూరు శాతం చూపించి రీస్టార్ట్ అయింది. అప్పటినుంచి ఫ్యాన్లు తిరగడమే తప్ప మానిటర్ మీద ఏమీ లేదు. షాపువాళ్లు బోర్డు మార్చాల్సిందే అన్నారు. ఇప్పుడే డబ్బులు పెట్టకండి. నేను విశాఖ అక్కయ్యపాలెంలో ఉంటాను, ఒక కాలేజీ ల్యాబులో చాలా ఏళ్లు సిస్టమ్స్ చూసుకున్నాను, ఇప్పుడు తెలిసినవాళ్లవి ఇంటి దగ్గరే బాగుచేస్తుంటాను. అప్‌డేట్ పూర్తిగా అయ్యాక ఇలా ఆగిన బోర్డుల్లో నిజంగా పోయినవి చాలా తక్కువ చూశాను. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే అది వేరే కథ, దాని సంగతి కింద చెప్తాను.

ముందుగా ఆన్ చేసి పావుగంట వదిలేయండి. పవర్ బటన్ జోలికి వెళ్లకండి. ఎందుకంటే, అప్‌డేట్‌తో బూట్ సెట్టింగులే కాదు, మీ ర్యామ్‌తో ఏ వేగంలో ఎలా మాట్లాడాలో బోర్డు ఇదివరకు నేర్చుకుని దాచుకున్నది కూడా చెరిగిపోతుంది. మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డుల్లో, అందులోనూ ఏఎండీ ఏఎం5 సాకెట్ వాటిలో, దీనికి చాలా నిమిషాలు పడుతుంది. ర్యామ్ ఎంత ఎక్కువుంటే అంత ఆలస్యం. ఆ సేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, మధ్యలో దానంతట అదే ఆగి మళ్లీ ఆన్ కూడా కావచ్చు. కంగారుపడి మనం ఆపేస్తే సగంలో ఉన్న పని పోయి మళ్లీ ఒకటి నుంచి మొదలు.

మా మేనల్లుడు పెదవాల్తేరులో ఉంటాడు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. సరిగ్గా మీలాంటి పరిస్థితిలోనే ఫోన్ చేశాడు. "మావయ్యా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావట్లేదు." ఎంతసేపు చూశావురా అంటే, "నిమిషం చూసి ఆపేస్తున్నా" అన్నాడు. అలా సాయంత్రమంతా ఆపుతూ, వేస్తూ ఉన్నాడట. మర్నాడు ఒక షాపుకి మోసుకెళ్తే వాళ్లూ రెండు నిమిషాలు చూసి బోర్డు డెడ్ అని తేల్చేశారు. నేను వెళ్లి ఒక్క ర్యామ్ స్టిక్కే ఉంచి, ఆన్ చేసి, వాడికి ఫోన్ ఇచ్చి బాల్కనీలోకి పంపేశాను. అక్క టీ పెట్టి తెచ్చేసరికి కంపెనీ లోగో వచ్చింది.

మీకు పావుగంట తర్వాత కూడా రాలేదనుకోండి, అప్పుడు పక్క మూత విప్పి బోర్డు మీద చిన్న లైట్లు ఉన్నాయేమో చూడండి. ఈ మధ్య బోర్డుల్లో చాలావాటికి 24 పిన్నుల పవర్ కేబుల్ దగ్గర్లో నాలుగు ఉంటాయి, పక్కనే సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని అచ్చు వేసి ఉంటుంది. ఏది ఆరకుండా వెలుగుతూ ఉండిపోయిందో అక్కడే చిక్కు. రంగు చూడకండి, కంపెనీని బట్టి మారుతుంది. పక్కనున్న అక్షరాలు చదవండి.

డీర్యామ్ దగ్గర ఆగితే సీమాస్ క్లియర్ చెయ్యాలి, అంటే బోర్డు దాచుకున్న బయోస్ సెట్టింగులు చెరిపెయ్యాలి. పవర్ కేబుల్ గోడ నుంచి పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఆ తర్వాత సీఆర్2032 బిళ్ల బ్యాటరీ తీసి ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. దాంతోపాటు క్లియర్ సీమాస్ అనే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలపండి. అవి ఎక్కడున్నాయో మాన్యువల్లో బొమ్మ ఉంటుంది.

మన విశాఖలో బ్యాటరీ తీసినప్పుడు దాని కింద క్లిప్‌ను కూడా తప్పకుండా చూడాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లల్లో ఉప్పుగాలికి ఆ క్లిప్ మీద ఆకుపచ్చ పొర కడుతుంది. మేనల్లుడి బోర్డుకీ కొద్దిగా కట్టింది. గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, కొత్త బ్యాటరీ వేశాను. మల్టీమీటర్ ఉంటే కొలవండి, కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది, 2.7 కంటే కిందికి దిగితే మార్చేయడమే. ఆర్కే బీచ్‌లో కొబ్బరిబొండానికి పెట్టేంత కూడా ఉండదు దాని ఖరీదు. బ్యాటరీ నీరసంగా ఉంటే కష్టపడి నేర్చుకున్న ట్రైనింగ్ కూడా పవర్ తీయగానే పోవచ్చు, మళ్లీ మొదటికే.

ర్యామ్ అంచుల సంగతీ అంతే. బంగారు రంగు గీతలు నల్లబడితే రోజూ నడిచే వేగంలో ఎలాగో నెట్టుకొస్తుంది, కొత్తగా ట్రైనింగ్ మొదలైనప్పుడు మొండికేస్తుంది. అందుకే "నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌డేట్ వల్లే పోయింది" అనిపిస్తుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి (క్యాబినెట్ మీద కాదు, దూరంగా కూర్చుని, ఆ పొట్టు స్లాట్లలో పడితే ఇంకో రోగం), ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. ఒక్క స్టిక్కే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్లో, టక్ అని శబ్దం వచ్చేదాకా నొక్కి పెట్టండి. మళ్లీ పావుగంట.

వీజీఏ దగ్గర ఆగితే మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి ఉందా, బోర్డుకి ఉందా చూసి రెండోదాంట్లో పెట్టి చూడండి. బాగా పాత కార్డు అయితే ఇంకో చిక్కుంది: కొత్త బయోస్ పాత పద్ధతి బూటింగ్ ఆపేసి వస్తే ఆ కార్డు బొమ్మ ఇవ్వదు. ఎవరిదైనా కాస్త కొత్త కార్డు ఒక పూటకి అడిగి తెచ్చి, సెట్టింగుల్లో సీఎస్‌ఎం (ఆ పాత పద్ధతి బూటింగే) ఆన్ చేసి తిరిగి ఇచ్చేయండి.

ఇవేవీ పనిచేయకపోతే బయోస్‌కి ప్రాణం ఉందో లేదో తేల్చే చిన్న పరీక్ష ఉంది. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చెయ్యండి. డీర్యామ్ లైటు వెలిగినా, చిన్న స్పీకర్ ఉంటే బీప్‌లు కొట్టినా, ర్యామ్ లేదని గుర్తించే బుద్ధి బోర్డుకి ఉన్నట్టే. బయోస్ పూర్తిగా చెడలేదు. ఏ లైటూ లేక ఫ్యాన్లు మాత్రం ఫుల్ స్పీడులో హోరెత్తిస్తుంటే బయోస్ చెడిందని అనుమానించాలి. కరెంటు పోయిన కేసుల్లో నేను చూసింది ఎక్కువగా ఇదే. వానాకాలంలో యూపీఎస్ లేకుండా బయోస్ జోలికి వెళ్లేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఏం తొందరండీ.

అలా చెడినా దారి ఉంది. బోర్డు వెనక, యూఎస్‌బీ పోర్టుల దగ్గర చిన్న బటన్ ఉందేమో చూడండి. ఆసుస్ దాన్ని బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, ఎంఎస్‌ఐ ఫ్లాష్ బయోస్ బటన్ అంటుంది, గిగాబైట్ క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటుంది. ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి పవర్ కేబుల్స్ ఉంటే చాలు, పెన్‌డ్రైవ్‌లోని ఫైలును నేరుగా చిప్‌లోకి రాసేస్తుంది. పెన్‌డ్రైవ్ చిన్నది, పాతదైతేనే మేలు, ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యాలి, గుర్తు వేసిన పోర్టులోనే పెట్టాలి. ఫైలు పేరు కంపెనీ చెప్పినట్టే ఉండాలి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఎంఎస్‌ఐకి ఎంఎస్‌ఐ డాట్ ఆర్‌ఓఎం అని పెట్టమంటే, విండోస్ ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు) దాచేసి ఉంటే మనం మార్చిన పేరు వెనక ఇంకో ఎక్స్‌టెన్షన్ మిగిలిపోవచ్చు. ఫోల్డర్ వ్యూలో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుని మార్చండి. ఆసుస్‌కి ఫైలుతోపాటు పేరు మార్చే చిన్న ప్రోగ్రామ్ వాళ్లే ఇస్తారు. బటన్ నొక్కాక లైటు కొన్ని నిమిషాలు మినుకుమినుకుమంటూ ఉండాలి. కొద్ది సెకన్లకే ఆగితే ఫైలు చదవలేదని అర్థం.

ఆ బటన్ లేకపోతే మిగిలింది ప్రోగ్రామర్, అంటే చిప్‌లోకి నేరుగా రాసే పరికరం. బయోస్ ఉండేది ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో. 25క్యూ128 అని ఉంటే 16 ఎంబీ, 25క్యూ256 అయితే 32 ఎంబీ. సీహెచ్341ఏ అనే చౌక పరికరానికి క్లిప్ తగిలించి దాన్ని చదవొచ్చు, రాయొచ్చు. మర్రిపాలెం నుంచి వచ్చిన ఒక బోర్డుని ఇలాగే లేపాను. చిప్ మూల చుక్క ఉన్న కాలే ఒకటో నంబరు, క్లిప్ ఎర్ర తీగ అటే ఉండాలి. రాసేముందు పాతది రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. తేడా ఉంటే క్లిప్ సరిగా పట్టలేదు. ఆ పాత ఫైలు పారేయకండి, నెట్‌వర్క్ అడ్రసు, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. ఆసుస్ ఇచ్చే సీఏపీ అనే బయోస్ ఫైలును ఉన్నదున్నట్టు రాయకూడదు, మొదట్లో అదనంగా ఉండే భాగం తీసేశాకే రాయాలి. కొన్ని చిప్‌లు 1.8 వోల్టులవి, వాటికి మధ్యలో అడాప్టర్ లేకపోతే మాడిపోవచ్చు. ఇవన్నీ చదువుతుంటే టెన్షన్ వస్తోందంటే మీరు చెయ్యకండి. ద్వారకానగర్‌లో చిప్ లెవెల్ సర్వీసు చేసే షాపుల్లో "బయోస్ ప్రోగ్రామింగ్ చేస్తారా" అని సూటిగా అడగండి. బోర్డు మారుస్తాం అనేవాళ్ల దగ్గర ఆగకుండా పక్క షాపుకి వెళ్లండి. వారంటీ ఉంటే మాత్రం క్లిప్ కూడా పెట్టకుండా సర్వీసు సెంటర్‌కే ఇవ్వండి.

బొమ్మ వచ్చాక విండోస్ రాకపోయినా భయపడకండి, రీ ఇన్‌స్టాల్ అసలే వద్దు. బయోస్ సెట్టింగుల్లో స్టోరేజ్ మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) మారిపోయి ఉండొచ్చు. ఇంటెల్‌లో వీఎండీ, మిగతావాటిలో ఏహెచ్‌సీఐ, రెయిడ్‌లలో ముందు ఏది ఉందో అది పెట్టండి. ఉబుంటు వాడేవాళ్లకి గ్రబ్ (ఉబుంటుని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఎంట్రీ ఎగిరిపోవడం మామూలే.

దీనికన్నా పెద్ద తలనొప్పి బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. గాజువాకలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ గారి ల్యాప్‌టాప్‌కి బయోస్ అప్‌డేట్ విండోస్ అప్‌డేట్‌తో కలిసి వచ్చేసింది. 20వ తేదీ జీఎస్టీ రిటర్నుల హడావుడిలో ఉండగా నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడిగింది. ఆయన మైక్రోసాఫ్ట్ అకౌంట్లో వెతికితే లేదు. అసలు ఆ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు సెటప్ చేసింది వాళ్లబ్బాయి, కీ అబ్బాయి అకౌంట్లో ఉంది. బెంగళూరులో ఉన్న అతనికి ఫోన్ చేసి, అంకెలు చదివించుకుని కొట్టాం. మీ బోర్డు ఏఎండీది అయితే మొదటిసారి బొమ్మ రాగానే ఎఫ్‌టీపీఎం (ఆ తాళం కీలు దాచుకునే భాగం) రీసెట్ చెయ్యాలా, వై నొక్కు, ఎన్ నొక్కు అని అడగొచ్చు. బిట్‌లాకర్ ఉన్న డిస్క్ అయితే ఆ కీ చేతికి వచ్చేదాకా వై నొక్కకండి. ఆఫీసు మెషీన్ అయితే కీ మీ ఐటీవాళ్లని అడగాలి.

ఈలోపు బోర్డు పూర్తి మోడల్ పేరు, దాని మీద అచ్చు వేసిన రివిజన్ నంబరు చూసి పెట్టుకోండి. ఒకే పేరుతో రెండు రివిజన్లు ఉంటే బయోస్ ఫైళ్లు కూడా వేరుగా ఉండొచ్చు, మీరు వేసిన ఫైలు దేనిదో సరిచూడాలి. ఏ లైటు దగ్గర ఆగుతోందో, ర్యామ్ తీసేసినప్పుడు ఏం చేసిందో ఇక్కడే రాయండి, అప్పుడు ఏ ఫైలు వెయ్యాలో చెప్తాను.