సంక్రాంతి కార్డులు వేయబోతున్న మేనకోడలికి

రాజమండ్రి,
నవంబర్ 24.

చి. అమ్మడుకి అత్తయ్య ఆశీస్సులు.

ఈసారి సంక్రాంతికి అందరికీ నీ చేత్తో వేసిన వాటర్ కలర్ కార్డులు పంపుతానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు పండగ ముందే వచ్చినట్టుంది. నలభై కార్డులన్నావు. పన్నెండు చాలమ్మా. ఆఫీసు చూసుకుంటూ నలభై వేస్తే సగంలోనే విసుగొస్తుంది, ఆ విసుగు బొమ్మలో తెలిసిపోతుంది. పన్నెండైతే ఎవరికి ఏది వేయాలో కూర్చుని ఆలోచించే తీరిక ఉంటుంది. మీ నాన్నకి భోగి మంట వేయి. చిన్నప్పుడు నెల ముందు నుంచే దుంగలు పోగేసి, వాటిని ఎవరూ ఎత్తుకుపోకుండా భోగి ముందు రాత్రి అరుగు మీద కాపలా పడుకునేవాడు. బామ్మకి చూపు సరిగా ఆనడం లేదు కదా, సన్నగీతలు వద్దు. ఒక్క గొబ్బెమ్మ, దాని మీద ఒక్క గుమ్మడి పువ్వు, కార్డు నిండా వేయి.

డబ్బు పెట్టాల్సింది కాగితం మీద. రంగులు నీ దగ్గరున్న ట్యూబులు సరిపోతాయి. కుంచెలు రెండు చాలు: 8వ నంబరు గుండ్రటిది ఒకటి, అంగుళం వెడల్పున్న ఫ్లాట్ బ్రష్ ఒకటి. కాగితం మాత్రం 300 జీఎస్ఎం తీసుకో, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగేది. మామూలు డ్రాయింగ్ షీటు నీళ్లు తగలగానే అప్పడంలా వంకర్లు పోతుంది. షాపులో కోల్డ్ ప్రెస్ అని అడుగు. చేత్తో నిమిరితే కాస్త గరుకుగా ఉంటుంది. ఆ గరుకుతో మనకి పనుంది. ఏ4 షీటుని సగానికి కోసి, ఆ సగాన్ని మధ్యకి మడిస్తే ఒక కార్డు. అది 9 గ్రాముల పైచిలుకు ఉంటుంది. కవరుతో కలిపినా 20 గ్రాములు దాటదు, మామూలు ఉత్తరంలాగే పోతుంది. బొమ్మ ఆరాకే మడత పెట్టు. రీఫిల్ అయిపోయిన పెన్నుతో, స్కేలు ఆనించి గట్టిగా ఒక గీత లాగితే మడత పగలకుండా తిన్నగా వస్తుంది.

ఇక ముగ్గు. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే. నేను మొదట్లో రంగు వేసి, దాని మీద తెల్ల పోస్టర్ కలర్‌తో ముగ్గు గీసేదాన్ని. సున్నం పూసినట్టుండేది. తర్వాత కొవ్వొత్తి పట్టుకున్నాను. తెల్ల కొవ్వొత్తి ముక్కని బ్లేడుతో పెన్సిల్‌లా చెక్కు. కాగితం మీద పెన్సిల్‌తో కనీకనపడకుండా చుక్కలు పెట్టుకో. మైనం కింద పడిన పెన్సిల్ గీత మరి చెరగదు కాబట్టి చుక్కలకి మించి గీయకు. ఆ చుక్కల చుట్టూ కొవ్వొత్తితో గట్టిగా నొక్కి ముగ్గు తిప్పు. తెల్ల కాగితం మీద తెల్ల మైనం, ఏం వేస్తున్నావో కనపడదు. కంగారు పడకు, కాగితాన్ని కిటికీ వైపు కాస్త వంచి చూస్తే గీత మెరుస్తుంది.

తర్వాత కళ్లాపి. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగులో కొంచెం సాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ కలిపితే పేడ నీళ్లు చల్లిన వాకిలి రంగు వస్తుంది. బోలెడంత కలుపుకో, మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు రాదు. ఫ్లాట్ బ్రష్‌తో పైనుంచి కిందికి ఒక్కసారే వేసుకుంటూ రా. మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు, నీ ముగ్గు తెల్లగా పైకి తేలుతుంది. కాగితం గరుకు వల్ల గీత అక్కడక్కడా తెగుతుంది చూడు, అచ్చం వేళ్ల సందుల్లోంచి ముగ్గుపిండి జారినట్టే ఉంటుంది. నాకు ఇన్నేళ్లయినా ఆ క్షణం చూడటానికి మొహం వాచినట్టుంటుంది. తడిగా ఉండగా వెనక్కి వెళ్లి సరిదిద్దబోతే మాత్రం మరకలు కడతాయి, వదిలేయి.

భోగి మంటకి పద్ధతి వేరు. మంట రావాల్సిన చోటు మాత్రం మంచినీళ్లతో తడుపు. కాగితం మీద నీటి మెరుపు పోయీ పోనట్టు ఉన్నప్పుడు ముందు పసుపు, దాని అంచున నారింజ, ఆ పైన ఎరుపు చుక్కలుగా వదులు. వెంటనే కార్డుని తలకిందులుగా పట్టుకో. రంగు కిందికి జారుతుంది, తిప్పి చూస్తే నాలుకలు పైకి లేచినట్టుంటాయి. దుంగలు పూర్తిగా ఆరాకే వేయి. తడిలో నలుపు కలిస్తే మంటంతా బురదే. నీళ్ల గ్లాసులు కూడా రెండు పెట్టుకో, కుంచె కడగడానికి ఒకటి, రంగు కలపడానికి ఒకటి.

ఆరబెట్టడంలో తొందర వద్దు. ఒక ఏడాది రాత్రి పొద్దుపోయేదాకా వేసి, ఆరాయనుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి పడుకున్నాను. పొద్దున్నకి తొమ్మిది కార్డులు అతుక్కుపోయి ఉన్నాయి. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు అరచేతి వెనక్కి ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాక లావుపాటి పుస్తకాల కింద ఒక రాత్రి పెట్టు.

నేను ఎన్నాళ్ల నుంచో అనుకుని చేయలేకపోయినది ఒకటి నీకు అప్పజెప్తున్నాను. కనుమనాడు రథం ముగ్గు వేసి, దాని తాడుని పక్కింటి ముగ్గుదాకా లాగుతాం కదా. మీ నాన్న, బాబాయి, నేను, చిన్నత్తయ్య నలుగురం నాలుగు ఊళ్లలో ఉన్నాం. మా నలుగురికీ మడత లేని కార్డులు నాలుగు కోసి, పక్కపక్కన ఆనించి పెట్టి, తాడుని ఆ చివర నుంచి ఈ చివరికి కొవ్వొత్తితో ఒకే ఊపులో లాగు. తర్వాత విడదీసి ఒక్కోదాని మీద రథం వేసి, అంచులదాకా కళ్లాపి రంగు పెట్టు. వీటికి చుట్టూ టేపు అంటించకు, తెల్ల అంచు వస్తే తాడు తెగిపోతుంది. మళ్లీ మేం నలుగురం ఒక ఇంట్లో కలిసినప్పుడు వాటిని వరసగా పెట్టుకుంటాం.

లోపల "సంక్రాంతి శుభాకాంక్షలు" అని రాసి ఊరుకోకు. ఆ మనిషికీ నీకూ మధ్య జరిగింది ఒకటి, రెండు మూడు వాక్యాలైనా సరే, రాయి. లోపలా కవరు మీదా బాల్‌పెన్నే వాడు, జెల్ పెన్ను తడి తగిలితే పాకుతుంది. అమెరికా వెళ్లే రెండు కార్డులూ ముందు వేసి డిసెంబర్ 10లోపు పోస్టు చేసేయి. మిగతావి నెలగంట పెట్టాక శనాదివారాల్లో మొదలుపెట్టినా, జనవరి 3కల్లా డబ్బాలో పడితే భోగికి అందుతాయి.

మొదట వేసింది ఎలా వచ్చినా పారేయకు, నాకు పంపు. వెనకాల నీళ్లెక్కువయ్యాయో రంగెక్కువయిందో రాసి తిప్పి పంపుతాను. కొవ్వొత్తులు కొనకు, మా దీపావళివి అరడజను మిగిలాయి. వచ్చే ఆదివారం మీ బావ హైదరాబాద్ వస్తున్నాడు, అతనితో ఇచ్చి పంపుతాను.

ఉంటాను,
మీ అత్తయ్య